పేర్లు కంఠపాఠం, పుస్తకాలు తాళం లోపల!

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ఒక మండల గ్రంథాలయంల చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ శనార్తులు.

వేదిక మీది పెద్దలకు, ముంగట కూసున్న అన్నలకు, అక్కలకు, ఆ మూలకు గ్రూప్స్ పుస్తకాలు ముందటేసుకొని 'ఈ లొల్లి ఎప్పుడు వొడుస్తదో' అని మా దిక్కు చూస్తున్న తమ్ముండ్లకు, చెల్లెండ్లకు గూడ.

మమ్ముల ఉపన్యాసం ఇయ్యమన్నరు. ఉపన్యాసాలు మనకు కొత్త గాదు. ఉద్యమం రోజులల్ల మైకు దొరికితే ఇడిశిపెట్టనోళ్లం. కని ఇయ్యాల ఉపన్యాసం గాదు, ఒక తప్పు ఒప్పుకునే ముచ్చట చెప్పనీకి వచ్చినం.

2009 డిసెంబర్‌ల మేం ఉస్మానియా హాస్టల్ల ఉన్నం. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద నిలబడి ఎన్ని పేర్లు చెప్పినమో లెక్కలేదు. వట్టికోట ఆళ్వారుస్వామి పుట్టిన గడ్డ అన్నం. దాశరథి రంగాచార్య నవలలు రాసిన నేల అన్నం. మా యాసను, మా బతుకును ఎక్కిరించినోళ్లకు ఈ పుస్తకాలే జవాబు అని గల్లా ఎగరేసినం. చప్పట్లు పడ్డయి. చప్పట్లు కొట్టినోళ్లు గూడ మా అసొంటోళ్లే.

నిజం చెప్పాలంటే, ఆ పుస్తకాలల్ల ఒక్కటి గూడ మేం చదువలేదు.

2014 జూన్ 2న రాష్ట్రమొచ్చింది. మేం పత్రికల పనిల పడ్డం. ఏండ్లు గడిచినయి. పోయినేడు ఇదే వారోత్సవాలకు వార్త రాసుకుందామని ఒక గ్రంథాలయానికి పోతే, పోటీ పరీక్షలకు చదివే తమ్ముడొకడు అడిగిండు: "అన్నా, ప్రజల మనిషి ఆళ్వారుస్వామిదేనా, రంగాచార్యదా? బిట్టు అచ్చింది." ఆళ్వారుస్వామిదే అని టక్కున చెప్పినం. "అండ్ల ఏముంటదన్నా?" అన్నడు. నోట్లె నుంచి మాట రాలే. ఆ తమ్మునికి సిలబస్ ఉన్నది, అందుకని పేరు పట్టుకున్నడు. మాకు ఉద్యమం ఉండె, అందుకని పేరు పట్టుకున్నం. పుస్తకం మాత్రం ఇద్దరికీ దక్కలేదు.

ఆ రాత్రి మేం ఐదుగురం సోపతిగాండ్లం కలిసినం. ఒకరు సర్కారు బడి పంతులు, ఒకరు ఆర్టీసీ కండక్టరు, ఒకరు ఎరువుల దుకాణం, ఒకరు దర్జీ పని చేసే భాయ్, ఇంకొకరం మేం. నెలకొక నవల, నెలకొక ఆదివారం అని మాట పెట్టుకున్నం. పన్నెండు నెలలు, పన్నెండు నవలలు. చదువకపోతే చాయ పైసలు ఆయనవే. కండక్టరన్న నాలుగు నెలలు చాయలు తాపిండు, అది వేరే ముచ్చట.

మొదటి కష్టం చదువుడు గాదు, పుస్తకం దొరుకుడు. ఒక గ్రంథాలయంల నవలల బీరువకు తాళం. తాళంచెయ్యి ఉన్నాయన సెలవుల ఉన్నడు. రెండోసారి పోతే బీరువ తెరిచిండ్రు గని చెదలు మాకంటె ముందుగాల చదివినయి. కొన్ని పుస్తకాలు హైదరాబాద్‌ల ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పూట ఏరుకున్నం. కొన్నింటికి జిరాక్సు తీయించుకున్నం. ఏ పుస్తకాలను మన జెండా అన్నమో, అవే జిరాక్సు కాయితాలైనయి. ఇది ఎవరి తప్పు? సర్కారుదా? ఇంటిపన్నుతోని గ్రంథాలయ సెస్సు కట్టుకుంట ఒక్కనాడు గూడ గ్రంథాలయం మెట్లెక్కని మనదా? మీరే చెప్పాలె.

ముందుగాల 'ప్రజల మనిషి' పట్టినం. రాసిన మనిషి బతుకే ఒక నవల. నకిరేకల్ దగ్గరి చెర్వు మాదారంల 1915ల పుట్టిండు. పరాయి ఇండ్లల్ల వంట చేసుకుంట చదువు నేర్సిండు. 1938ల దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, అచ్చేసిన పుస్తకాలు చేతుల పట్టుకొని ఊరూరు తిరిగి అమ్మిండు. జైలుకు పోయిండు. దాశరథి కృష్ణమాచార్య 'అగ్నిధార'ను అంకితమిచ్చింది ఈయనకే. 1961ల, 46 ఏండ్లు నిండకముందే పోయిండు. 'గంగు' నవల సగంల ఆగిపోయి, ఆయన పోయినంకనే పుస్తకమైంది.

ఈ నవలల కంఠీరవం ఆకాశం నుంచి దిగొచ్చిన వీరుడు గాదు. గడిల దొరను చూసి ఊరంత వొణికే కాలంల, నలుగురితోని కలిసి, నాలుగు అక్షరాలు నేర్సుకొని, ఆంధ్ర మహాసభ మాటలు చెవినపడి నిలబడ్డ మనిషి. మేం ఉద్యమంల నాయకుడంటే గొంతు పెద్దగున్నోడు అనుకున్నం. ఆళ్వారుస్వామి దృష్టిల నాయకుడంటే ఊళ్లె ఒకని భయం తీసేటోడు. ఈ ముచ్చట 2009లనే తెలిసుంటే మా ఉపన్యాసాలు కొన్ని పొట్టిగ ఉండేటియి.

తర్వాత మూడు నెలలు దాశరథి రంగాచార్య. 'చిల్లర దేవుళ్లు', 'మోదుగుపూలు', 'జనపదం'. ఒకదాని ఎంబడి ఒకటి చదివితే నిజాం కాలం నుంచి రైతాంగ పోరాటం, 1948 సెప్టెంబర్ పోలీసు చర్య, దాని తర్వాతి ఊళ్లు, అన్నీ ఒక్క తొవ్వల నడుస్తయి. ఆళ్వారుస్వామి ఆపిన కాడి నుంచి ఈయన ఎత్తుకున్నడు. వెట్టి గురించి నవలలు రాసిన చెయ్యే, తర్వాత నాలుగు వేదాలను తెలుగు చేసింది. ఒక్క మనిషిల ఇన్ని ఉంటయా అని మా పంతులు ఇంకా తలకాయ గోక్కుంటనే ఉన్నడు.

'చిల్లర దేవుళ్లు' కాడ ఒక సంగతి జరిగింది. అది చెప్పనీకే ఇయ్యాల మేం వచ్చింది.

మా నాయినమ్మకు ఎనభై దాటినయి. చూపు ఆనది, చెవులు మాత్రం పాముచెవులు. రాత్రిపూట మేం బయటికి చదువుకుంటుంటే, "ఏందిరా గొణుగుతున్నవు, జర గట్టిగ చదువు" అన్నది. గట్టిగ చదివినం. గడి ముచ్చట, కరణం ముచ్చట వచ్చినప్పుడు నవ్వింది. "గట్లనే ఉండె, అచ్చం గట్లనే ఉండె" అన్నది. రెండో రాత్రి ఆడబాపల ముచ్చట వచ్చింది.

తమ్ముండ్లకు తెల్వకపోవచ్చు. దొర బిడ్డ లగ్గమై అత్తగారింటికి పోతుంటే, మంచం, గిన్నెలు, పెట్టెలతోని పాటు ఒక పిల్లను గూడ తోలేటోళ్లు. ఆ పిల్ల బతుకంత ఆ ఇంట్లనే. పగలు పని, రాత్రి ఆ ఇంటి మొగోళ్ల ఇష్టం. లగ్గం లేదు, ఇల్లు లేదు. ఆమెను ఆడబాప అనేటోళ్లు.

నాయినమ్మ నవ్వుడు ఆగింది. ఇగ చాలు అంటదేమో అని పుస్తకం మూసినం. "మూసినవెందుకు? చదువు" అన్నది. చదివినం. ఆ అధ్యాయం అయ్యేదాక మంచం మీద కదలలే. అయినంక అడిగింది:

"దాని పేరు రాసిండారా?"

"ఎవరి పేరు నాయినమ్మా?"

"మా పెద్దక్క పేరు."

మా నాయినమ్మకు ఒక అక్క ఉండెనని గా రాత్రే మాకు తెలిసింది. మా నాయినకు గూడ తెల్వదు. నాయినమ్మకు ఐదారేండ్లు ఉన్నప్పుడు, దొరసాని బిడ్డ లగ్గానికి ఆ అక్కను కచ్చురం ఎంబడి నడిపిచ్చుకుంట తీస్కపోయిండ్రట. వాళ్లవ్వ ఊరి పొలిమేర దాక ఉరికి, ఆడ కూలబడిందట. మల్ల ఆ అక్క ఊరికి రాలే. ఎక్కడ ఉన్నది, ఎట్ల పోయింది, ఎవ్వరూ చెప్పలే. ఇంట్ల ఆమె పేరు తియ్యొద్దని పెద్దలు కట్టడి చేసిండ్రట. ఇగ అప్పటిసంది ఎనభై ఏండ్లు ఆ పేరు ఎవ్వరి నోట్లె రాలే.

"ఇది వేరే ఊరు, వేరే పిల్ల నాయినమ్మా" అన్నం. "ఏ ఊరైతేంది బిడ్డా. తీస్కపోయింది అట్లనే కదా" అన్నది. జరసేపటికి పేరు చెప్పింది. ఆ పేరు మా పుస్తకం ఆఖరు పేజీ మీద రాసి పెట్టుకున్నం. సభల చెప్పమని ఆమె అనలే. అందుకే చెప్తలేం.

మిత్రులారా! మేం జర్నలిస్టులం. డిగ్రీ చదివినం. వెట్టి గురించి, గడి గురించి ఎన్ని వ్యాసాలు రాసినమో. మా ఇంట్ల, మా మంచం పక్కన, ఆ చరిత్ర పండుకొని ఉన్నదని మాకు సోయి లేదు. అడుగనీకి మాకు రాలే, చెప్పనీకి ఆమెకు ధైర్యం రాలే. మాకు పుట్టకముందు అచ్చైన ఒక నవల మా ఇద్దరి నడుమ కూసున్నది. నవలలు చదివితే ఏమొస్తది అని అడిగేటోళ్లకు మా దగ్గర వేరే జవాబు లేదు. ఇదే జవాబు.

ఆరో నెల 'అంపశయ్య'. నవీన్ రాసిండు, 1969ల వచ్చింది. ఉస్మానియా యూనివర్సిటీ హాస్టల్ల ఉండే రవి అనే పిలగాని పదహారు గంటల బతుకు. మనసుల పారే ఆలోచనలను పారినట్టే రాసిండు. చదువుడు అల్కగ కాదు. కండక్టరన్న అరవై పేజీల కాడ చేతులెత్తి చాయలు తాపిండు. మాకు మాత్రం గుండెల గుచ్చుకున్నది. ఊరి నుంచి వచ్చిన పేద పిలగాడు, జేబుల పైసలు లెక్కబెట్టుకునుడు, పరీక్షల భయం, మంది ముంగట మాట్లాడనీకి జంకు. మేం ఉన్నది గా హాస్టళ్లల్లనే. నలభై ఏండ్ల తర్వాత గూడ గదే భయం, గదే జంకు. నవీన్ సారుకు 2004ల 'కాలరేఖలు' నవలకు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మేం హాస్టల్ల ఉన్న కాలంల ఈ సంగతి మాకు ఒక్కరూ చెప్పలేదు. చెప్పినా వినేటోళ్లమో లేదో.

ఏడో నెల అల్లం రాజయ్య 'కొలిమంటుకున్నది'. 1979ల వచ్చిన నవల. కరీంనగర్ దిక్కు రైతులు, కూలోళ్లు సంఘం కట్టుకున్న కాలం. ఎనిమిదో నెల వేముల ఎల్లయ్య 'కక్క'. 2000ల వచ్చింది. దీని కాడ మాకు గట్టి దెబ్బ తగిలింది. మా యాస మాకు తెలుసని మస్తు గీర మాకు. నల్లగొండ మాదిగవాడ నుడికారంల నడిచే ఈ పుస్తకం పది పేజీలు చదివేసరికి మా గీర దిగింది. ఎన్నో మాటలు మాకు తెల్వయి. ఎరువుల దుకాణపాయన అన్నడు: "మనం తెలంగాణ యాస యాస అని మొత్తుకున్నం గని, అది మన వాడకట్టు యాసే. ఆ వాడ యాస మనం ఎన్నడు విన్నం?" ఎవ్వరం మాట్లాడలే. మన భాషను ఎక్కిరించిండ్రని బాధపడ్డ మనం, మన ఊళ్లెనే ఇంకొక వాడ మాటకు చెవి పెట్టలేదు. ఈ తప్పు గూడ ఒప్పుకోవాలె.

తొమ్మిదో నెల దర్జీ భాయ్ వంతు. ఆయన ఉర్దూల చదివి మాకు చెప్పిండు. జీలానీ బానో 'ఐవాన్-ఎ-గజల్'. హైదరాబాద్‌ల ఒక నవాబీ హవేలీ, అండ్ల ఆడోళ్ల బతుకు, బయట మారుతున్న కాలం. "గడి అయినా హవేలీ అయినా లోపలి ఆడోళ్ల ఏడుపు ఒక్కటే భయ్యా" అన్నడు. పదో నెల గూడ ఆయనదే. కిషన్ చందర్ 'జబ్ ఖేత్ జాగే'. ఉరికంబం ఎక్కేటందుకు ఎదురుచూస్తున్న రాఘవరావు అనే తెలంగాణ రైతుబిడ్డ కథ. 'మాభూమి' సినిమాకు ఆధారం ఈ ఉర్దూ నవలే. సినిమాను అందరం యాది చేస్తం, పాటలు పాడుతం. దాని ఎనుక ఒక ఉర్దూ నవల ఉన్నదని ఎందరం చెప్తం? ఉర్దూ మనది అన్నం, గంగా జమునా తహజీబ్ అన్నం. భాయ్ లేకపోతే ఈ రెండు పుస్తకాలు మాకు లేనే లేవు.

పదకొండో నెల కొట్లాట అయింది. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' చదువుదామని పంతులన్నడు. "ఆంధ్రోళ్ల నవల మనకెందుకు?" అని ఎరువుల దుకాణపాయన లేచిండు. లొల్లి లొల్లి. ఆఖరికి చదివినం. 1922ల వచ్చిన నవల. జైల్ల రాసింది. తెల్లదొరల సర్కారు నిషేధించింది. మాలవాడ మనుషులను, గుంటూరు దిక్కు జనం మాటను నవల నడిమిట్ల కూసోబెట్టినందుకు ఆ సర్కారుకు గుబులు పుట్టింది. చదివినంక లేచిన మనిషే అన్నడు: "పుస్తకాల భాష అని మన మీద రుద్దింది వీళ్ల భాష గాదు. వీళ్ల భాషను గూడ వాళ్లే తొక్కిండ్రు." కోపం ఎవరి మీద ఉండాల్నో జర తేటగైంది.

అదే నెల ఊపుల కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' గూడ అందుకున్నం. తప్పిపోయిన పందిని ఎతుక్కుంట అడివిలకు పోయిన ముసలాయన, ఒక్క రాత్రి ముచ్చట. రాసినాయన చిత్తూరు జిల్లా మనిషి. కని డాక్టరుగ బతుకంత మన నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి కుష్ఠు దవాఖానలనే ఎల్లదీసిండు. 2015ల పోయిండు. మన నేల మీద మన రోగులకు మందిచ్చిన మనిషిని ఏ లెక్కల రాయాలె? మనోడనే రాసుకున్నం.

పన్నెండో నెల 'ఏడు తరాలు'. అలెక్స్ హేలీ 1976ల అచ్చేసిన పుస్తకాన్ని సహవాసి తెలుగు చేసిండు. ఆఫ్రికాల గాంబియా నుంచి కుంటా కింటేను పట్టుకొని అమెరికాల అమ్మిండ్రు. టోబీ అని కొత్త పేరు పెట్టిండ్రు.  ఈ పుస్తకం గూడ నాయినమ్మకు చదివి వినిపిచ్చినం. ఆడికొచ్చేసరికి, "పేరు తీసేస్తే మనిషిని తీసేసినట్టే కదరా" అన్నది. మల్లయ్యను మల్లిగా అని, ఎల్లయ్యను ఎల్లిగా అని దొరలు ఎందుకు పిలిచేటోళ్లో మాకు ఆ రాత్రి సమజైంది. గాంబియా ఎక్కడున్నదో ఆమెకు తెల్వదు. తెల్వాల్సిన అవసరం గూడ పడలే.

ఏడాది అయినంక లెక్క చూసుకున్నం. పన్నెండు నవలలల్ల ఆడమనిషి రాసింది ఒక్కటే. అదీ ఉర్దూది. మాదిరెడ్డి సులోచన, పోల్కంపల్లి శాంతాదేవి, ఈ గడ్డ మీది ఆడోళ్లు రాసిన నవలలు మా జాబితల్నే లేవు. జాబిత రాసింది ఐదుగురం మొగోళ్లం, ఇంకెట్ల ఉంటది? 1934ల సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతోని 'గోలకొండ కవుల సంచిక' తెచ్చి తెలంగాణల కవులు లేరన్న మాటకు జవాబు చెప్పిండు. అప్పుడు లేరన్నది బయటోళ్లు. ఇప్పుడు చదువకుంట లేరనిపిస్తున్నది మనమే. వచ్చే ఏడాది జాబిత ఈ అక్కలతోనే మొదలు పెడుతున్నం. జాబిత రాసేది గూడ మేం గాదు, పంతులు భార్య, ఆమె సోపతులు రాస్తరు.

ఆఖరుగ మూలకు కూసున్న తమ్ముండ్లకు, చెల్లెండ్లకు ఒక్క మాట. నీళ్లు, నిధులు, నియామకాలు అని మనం కొట్లాడినం. మీరు నియామకాల కోసం పొద్దుందాక ఈ బల్లల మీద వంగి కూసుంటున్నరు. ఆ కడుపుమంట మాకు తెలుసు. నవలలు చదివితే నౌకరీ వస్తదని అబద్ధం చెప్పం. మీరు బిట్టు చదువుండ్రి, మార్కు తెచ్చుకోండ్రి. కని మీ ఎనుక ఉన్న బీరువల ఆ బిట్టు తాలూకు మనుషులు ఉన్నరు. పరీక్ష అయినంక ఒక్కసారి తాళం తియ్యమని అడుగుండ్రి.

పెద్దలకు ఒక విన్నపం. ఈ గ్రంథాలయంల నవలల బీరువకు తాళం ఎయ్యకుండ్రి. పుస్తకం పోతే పోనియ్యండ్రి. ఎత్కపోయినోడు చదువుతడు, లేకపోతే ఇంకొకనికి అమ్ముతడు, వాడు చదువుతడు. చెదలు పట్టుడు కంటె దొంగ పట్టుడు మేలు.

మీ అందరికీ ఇంకొక్కటి. ఇయ్యాల ఇంటికి పొయ్యేటప్పుడు ఒక పుస్తకం తీస్కపోండ్రి. మనసుల చదువకుండ్రి, గట్టిగ చదువుండ్రి. ఇంట్ల ముసలోళ్లు ఉంటే వాళ్ల మంచం పక్కన కూసోండ్రి. నవ్వితే నవ్వనియ్యండ్రి. ఊకుంటే, మీరు గూడ జర ఊకోండ్రి. వాళ్లు ఏదన్న పేరు చెప్తే పుస్తకం ఆఖరు పేజీ మీద రాసుకోండ్రి. ఆ పేజీ గందుకే ఖాళీగ ఉన్నది.

మా నాయినమ్మ నిన్న రాత్రి అడిగింది, "ఒడిసినయారా పుస్తకాలు?" అని. ఒడువలే నాయినమ్మా, ఇప్పుడే షురువైనయి అన్నం.